పేటలోని చిన్న రైతుబజారులో రైతును గుర్తుపట్టి కొనడం ఎలా?

బెంగళూరు నుంచి విశాఖపట్నానికి కొత్తగా వచ్చిన మీరు, ఇంటికి పది నిమిషాల నడకలో ఒక చిన్న రైతుబజారు ఉన్నదని, రెండుసార్లు వెళ్లి వచ్చినా అక్కడ కూర్చున్నవారు నిజంగా రైతులో, సరుకు కొని తెచ్చి అమ్మేవారో పోల్చుకోలేకపోయానని, బోర్డు మీది ధరకు బేరమాడవచ్చో కూడదో తెలియలేదని రాశారు. ఏ వేళకు వెళ్లాలి, కూరగాయలు ఎలా ఎంచుకోవాలి, ఏడేళ్ల బాబును వెంట తీసుకువెళ్లవచ్చునా అని కూడా అడిగారు. నేను ఉద్యానశాఖలో చాలాకాలం పనిచేశాను. అందులో నాలుగేళ్లు ఒక రైతుబజారుకు ఎస్టేట్ అధికారిగా, అంటే రోజూ బజారు నడిచే తీరు చూసుకునే అధికారిగా ఉన్నాను. ఉద్యోగ విరమణ తరువాత వారానికి రెండు రోజులు సంచి పట్టుకుని కొనడానికి వెళ్తున్నాను. కాబట్టి ధర రాసే బల్ల దగ్గర కూర్చుని చూసినవీ, ఆ ధరకు కొంటూ చూసినవీ రెండూ కలిపి చెబుతాను.

మీ ప్రశ్నలన్నింటికీ మూలం మొదటి ప్రశ్నే. అమ్ముతున్నది ఎవరో తేలితే ధర సంగతి, తాజాదనం సంగతి, బేరం సంగతి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. అందుకని అసలు ఈ బజారు ఎందుకు పుట్టిందో రెండు మాటల్లో చెప్పి, ఆ తరువాత గుర్తుపట్టే పద్ధతికి వస్తాను.

రైతుబజార్లు 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో మొదలయ్యాయి. అంతకుముందే 1987లో పంజాబులో ‘అప్నీ మండీ’ అనే పేరుతో ఇటువంటి ఏర్పాటు ఉండేది. మన తరువాత అదే 1999 నవంబరులో మదురైలో తమిళనాడు ప్రభుత్వం ‘ఉళవర్ సందై’ తెరిచింది. హైదరాబాదులో మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి బజార్లు, మన విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం బజార్లు జనానికి బాగా అలవాటైనవి. వీటన్నింటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే. రైతు తన కూరగాయలను టోకు మార్కెట్టుకు తోలితే అక్కడ కమీషను, హమాలీ, తరుగు పోను మిగిలినది చేతికి వస్తుంది. ఆ సరుకే రెండు మూడు చేతులు మారి మన వీధిలోని బండి మీదకు వచ్చేసరికి ధర రెట్టింపవుతుంది. ఆ మధ్యచేతులను తప్పించి, పండించినవాడిని, వండుకునేవారిని ఒక అరుగు దగ్గర ఎదురెదురుగా నిలబెట్టడమే రైతుబజారు పని. అందుకే ఇక్కడ రైతు దగ్గర స్థలానికి అద్దె గాని, మార్కెట్ సెస్సు గాని తీసుకోరు.

ధర నిర్ణయం గురించి చాలామందికి తెలియదు, అందువల్లనే బేరం దగ్గర ఇబ్బంది పడతారు. ప్రతిరోజూ తెల్లవారుజామున టోకు మార్కెట్టులో ఏ కూరగాయ ఎంతకు పలికిందో తెప్పించుకుని, బయట చిల్లర దుకాణాల్లో ఎంతకు అమ్ముతున్నారో చూసుకుని, ఎస్టేట్ అధికారి, రైతుల ప్రతినిధులు కలిసి కూర్చుని ఆ రోజు ధరలు రాస్తారు. టోకు ధరకు సుమారు పాతిక శాతం ఎక్కువగా, చిల్లర ధరకు సుమారు పాతిక శాతం తక్కువగా ఉండాలన్నది మొదటి నుంచీ ఉన్న సూత్రం. ఉదాహరణకు బెండకాయ టోకులో కిలో 20 రూపాయలు, బయట బండి మీద 40 రూపాయలు ఉన్నదనుకుంటే, రైతుబజారులో 25కూ 30కీ మధ్య ఎక్కడో నిలవాలి. రైతుకు కిలోకు 5 రూపాయలైనా అదనంగా ముడుతుంది, మీకు 10 రూపాయలైనా కలిసి వస్తుంది. ఈ లెక్క తెలిసినవారికి బోర్డు మీది అంకె ఎవరో గాలిలోంచి తీసి రాసినది కాదని అర్థమవుతుంది.

ఆ బోర్డు ధర గరిష్ఠ ధర. దానికి మించి ఒక్క రూపాయి అడిగే హక్కు అక్కడ అమ్మేవారెవరికీ లేదు. అంతకంటె తగ్గించి ఇవ్వడం మాత్రం వారి ఇష్టం. కనుక ఉదయం పూట బేరమాడకండి. తెల్లవారకముందే గంపతో బయలుదేరి వచ్చిన మనిషి దగ్గర, అప్పటికే తగ్గించి రాసిన ధరను ఇంకా తగ్గించమని అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం. పదకొండు దాటాక మిగిలిన సరుకు వాడిపోతుందని వారే పిలిచి తక్కువకు ఇస్తారు, అప్పుడు తీసుకోవడంలో తప్పులేదు. బేరం లేకపోయినా కొసరు ఉంటుంది. మీరు నాలుగు వారాలు వరుసగా ఒకరి దగ్గరే కొంటే, కిలో తూచిన తరువాత రెండు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెబ్బో, అడగకుండానే మీ సంచిలో పడతాయి. బోణీ వేళ వెళ్లారంటే ఒక మాట గుర్తుంచుకోండి: ధర అడిగి, కాయలు కెలికి, కొనకుండా వెళ్లిపోతే వారికి మనసు కష్టమవుతుంది. కొనే ఉద్దేశం లేనప్పుడు బోణీ కాని గంపను ముట్టుకోకపోవడం మర్యాద.

ఇక అసలు ప్రశ్న. రైతుబజారులో సరుకు పెట్టుకోవాలంటే రైతుకు ఫొటోతో కూడిన గుర్తింపు కార్డు ఉండాలి. రెవెన్యూ, వ్యవసాయ, ఉద్యాన శాఖలవారు ఊరికి వెళ్లి పొలం చూసి, ఏ పంటలు ఎంత విస్తీర్ణంలో ఉన్నాయో రాసుకున్న తరువాతనే ఆ కార్డు ఇవ్వాలి. అయితే బజారులో కనిపించే ప్రతి స్టాలూ రైతుది కాదు, కానవసరం కూడా లేదు. బంగాళాదుంప మన కోస్తా జిల్లాల్లో పండేది బహు తక్కువ, ఉల్లిపాయ కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో రావాలి. ఇటువంటి వాటిని తెప్పించి అమ్మడానికి డ్వాక్రా మహిళా సంఘాలకు స్టాళ్లు ఇస్తారు. అవి నిబంధనల ప్రకారం నడిచేవే, నిస్సంకోచంగా కొనండి. చిక్కల్లా రైతు పేరుమీద ఉన్న స్టాలులో వ్యాపారి కూర్చున్నప్పుడే.

దీన్ని పోల్చుకోవడానికి కార్డు చూపించమని అడగనక్కరలేదు, గంప చూస్తే చాలు. అర ఎకరం, ఎకరం కూరగాయలు వేసిన రైతు ఒక రోజున రెండు మూడు రకాలకు మించి తేలేడు. వంకాయ, బెండకాయ, నాలుగు కట్టల తోటకూర ఉన్న గంప పొలం నుంచి నేరుగా వచ్చినదని నమ్మవచ్చు. ఒకే స్టాలులో క్యారెట్, బీట్‌రూట్, క్యాప్సికమ్, కాలీఫ్లవర్, బీన్స్ అన్నీ వరుసలు తీర్చి ఉంటే, అన్నీ ఒకే ఒడ్డూ పొడవూ ఉంటే, అవి మార్కెట్టు నుంచి గ్రేడు చేసిన పెట్టెల్లో దిగినవి. రైతు సరుకులో చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, వంకర కాయ కూడా ఉంటుంది. ఈ రోజు పది కిలోలు ఉంటుంది, ఎల్లుండి మూడు కిలోలే ఉంటుంది, ఆ తరువాత రెండు వారాలు మనిషే కనిపించకపోవచ్చు, ఎందుకంటే పాదు కాపు అయిపోయి కొత్త విత్తు పెట్టి ఉంటాడు. ఏడాది పొడవునా ఒకే సరుకు, ఒకే మోతాదులో దొరికే స్టాలుకు పొలంతో సంబంధం తక్కువ.

‘మీరు రైతేనా?’ అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు, అడిగించుకున్నందుకు నొచ్చుకుంటారు కూడా. దానికి బదులు ‘మళ్లీ కోత ఎప్పుడు?’ అని అడగండి. బెండకు రోజు విడిచి రోజు కోత ఉంటుంది, లేకపోతే కాయ ముదిరి పీచు కట్టిపోతుంది. వంగకు నాలుగైదు రోజులు పడుతుంది. పండించినవారు ఆలోచించకుండా జవాబు చెబుతారు, అడగకపోయినా పురుగు సంగతీ, వాన సంగతీ కలిపి చెబుతారు. చేతులు కూడా చెబుతాయి. టమాటా కోసినవారి వేళ్లకు మొక్క పసరు అంటి ముదురాకుపచ్చగా మొదలై నల్లబడుతుంది, సబ్బుతో రుద్దినా ఒక పట్టాన పోదు. చిల్లర తీసి ఇచ్చేటప్పుడు ఆ వేళ్లు మీకు కనిపిస్తాయి.

నేను అధికారిగా ఉన్నప్పుడు ఒక కార్డుదారు స్టాలులో నడివేసవిలో కూడా క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉండడం గమనించాను. మన మైదాన ప్రాంతపు ఎండలో మే నెలలో కాలీఫ్లవర్ పువ్వు కట్టదు. కార్డులో రాసిన పొలానికి వెళ్లి చూస్తే అక్కడ కూరగాయల మడి జాడే లేదు, ఎండిపోయిన బోరు, గట్టు మీద నాలుగు జీడిమామిడి చెట్లు ఉన్నాయి. ఆ రైతు అబద్ధమాడలేదు. బోరు ఎండిపోయి రెండేళ్లయిందని, ఇంటి ఖర్చు గడవక కార్డును ఒక వ్యాపారికి నెలకింతని మాట్లాడుకుని ఇచ్చానని తలవంచుకుని చెప్పాడు. కార్డు రద్దు చేయక తప్పలేదు. చేస్తున్నంతసేపూ బాధపడ్డాను, కానీ ఆ స్టాలు కోసం బయట తట్ట పెట్టుకుని నిజమైన రైతులు ఎదురుచూస్తున్నారు. మరుసటి ఏడాది మంచి వానలు పడి, అతను తోటకూర, బెండ వేసుకుని మళ్లీ దరఖాస్తు పెట్టినప్పుడు పొలం చూసి వచ్చి నేనే సంతకం చేశాను. కొనేవారు ఇటువంటివి గమనిస్తూ ఉంటే బజారు నిలుస్తుంది. సరుకు నిగనిగలాడుతున్నదని అందరూ వ్యాపారి స్టాలు దగ్గరే గుమిగూడితే, గంప పెట్టుకున్న రైతు రెండు నెలల్లో రావడం మానేస్తాడు.

నేను ఇప్పుడు ఎక్కువగా కొనేది ఆనందపురం వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ దగ్గర. ఆవిడది వెదురు గంప. అడుగున అరటాకు పరిచి, వంకాయలు తొడిమలు ఒకవైపుకు వచ్చేలా వలయాలుగా పేర్చి, పైన తడిపి పిండిన పాత నూలు చీర ముక్క కప్పుతుంది. ఆ గుడ్డ తీసినప్పుడు తొడిమల మీది ముళ్లు ఇంకా పచ్చిగా నిక్కబొడుచుకుని ఉంటాయి. తొడిమ పచ్చగా ఉండి ముల్లు గుచ్చుకునేలా ఉంటే ఆ కాయ కోసి ఎక్కువసేపు కాలేదని గుర్తు. వాడిన కాయకు ముల్లు మెత్తబడుతుంది, తొడిమ అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. ఒకరోజు నేను పక్కనున్న బీరకాయల మీద చెయ్యి వేస్తే ఆవిడ నా చెయ్యి ఆపి, ‘ఇయ్యాల బీర ఒద్దు బాబూ, చెట్టునే ముదిరిపోనాది. ఎల్లుండి రా, కొత్త పాదుది దించుతాను’ అన్నది. అమ్ముకోవడానికి తెచ్చిన సరుకును కొనవద్దని చెప్పే మనిషి దొరికితే ఆ గంపను వదలకండి. మూడో రోజున నేను వెళ్లేసరికి అరకిలో లేత బీరకాయలు గుడ్డ కింద విడిగా పెట్టి ఉంచింది.

వేళ విషయానికి వస్తే, చాలా బజార్లు ఉదయం ఆరు గంటల ప్రాంతంలో మొదలవుతాయి, కొన్ని చోట్ల సాయంత్రం కూడా ఉంటాయి. వారపు సెలవు ఏ రోజో గేటు దగ్గర బోర్డు చూసి తెలుసుకోండి. కాయకూరలు ముందు రోజు సాయంత్రం కోస్తారు, ఆకుకూరలు వీలైనంతవరకు తెల్లవారుజామున పీకుతారు. అందువల్ల ఆకుకూరలు కావాలంటే ఏడులోపు వెళ్లాలి, కాయకూరలకైతే తొమ్మిది వరకు తొందరలేదు. ఆదివారం జనం ఎక్కువ, వ్యాపారుల సరుకూ ఎక్కువే. మంగళ, బుధవారాల్లో వెళితే రైతుతో నాలుగు మాటలు మాట్లాడే తీరిక ఉంటుంది. కార్తీక మాసంలో మాంసాహారం మానేసే ఇళ్లు ఎక్కువ కావడంతో కూరగాయల ధరలు సహజంగానే పెరుగుతాయి. అదే సమయంలో తుపాన్లు కూడా వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చుట్టుపక్కల పందిళ్లు, అరటితోటలు నేలమట్టమయ్యాయి. కాయకూరలకు నెలలు పట్టినా, తోటకూర విత్తిన ఇరవై అయిదు, ముప్పై రోజులకే కోతకు వస్తుంది కనుక ముందుగా గంపల్లోకి తిరిగి వచ్చింది ఆకుకూరలే.

కాయలు ఎంచుకోవడంలో ప్రతిదానికీ ఒక పరీక్ష ఉన్నది, కానీ ఆ పరీక్ష సరుకును పాడుచేయకూడదు. బెండకాయ కొన విరిచి చూడడం అందరికీ తెలిసినదే, అయితే అరకిలో కొనడానికి పది కాయల కొనలు తుంచేవారిని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. విరిగిన కాయ నల్లబడి ఆ తరువాత ఎవరూ కొనరు. ఒక్కటి తుంచండి, అది టప్పున విరిగితే మిగిలినవి చూపుతోనే ఏరుకోండి. ఆ తుంచినదాన్ని కూడా మీ సంచిలోనే వేసుకోండి. వంకాయను అరచేతిలో పెట్టుకుని తూచినట్టు చూడాలి, పరిమాణానికి తేలికగా ఉన్నది లేతది, బరువైనది గింజపట్టినది. ఆనపకాయ పైన సన్నటి నూగు ఉంటే లేతది. గోరు గుచ్చడం కంటె ఆ నూగును వేలితో తడిమి చూడడం మంచిది. బీరకాయకు ఈనెలు పచ్చగా, బిరుసుగా ఉండాలి. మునగకాడను మెలితిప్పితే విరగకుండా తిరగాలి. గోంగూరలో ఎర్ర కాడ రకం ఎక్కువ పుల్లగా ఉంటుంది కనుక పచ్చడికి, తెల్ల కాడ రకం పప్పుకు అని మా ఇంట్లో లెక్క. టమాటాలో నాటురకం దొరికితే ఎప్పుడూ వదలకండి. గాట్లు గాట్లుగా, పలుచటి తోలుతో, పుల్లగా ఉండే ఆ కాయ దూర ప్రయాణానికి నిలవదు కనుక మదనపల్లె వంటి పెద్ద మార్కెట్ల నుంచి లారీల్లో వచ్చే సరుకులో అది అరుదు. చుట్టుపక్కల ఊరి రైతు గంపలోనే దానికి చోటు.

ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. దోస, ఆనప, బీర జాతుల్లో అప్పుడప్పుడు చేదు కాయ వస్తుంది. వండేముందు కొన కోసి నాలుకకు తగిలించి చూసే అలవాటు మన పెద్దలు ఊరికే పెట్టలేదు. ఆ చేదుకు కారణం కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు, వండినా అవి పోవు. చేదు ఆనపకాయ, ముఖ్యంగా దాని రసం, తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది, ప్రాణం మీదకు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. డబ్బులు పోయినా ఫరవాలేదనుకుని పారవేయండి. మరుసటి రోజు రైతుకు చెబితే ఆ పాదును గుర్తుపట్టి పీకేస్తాడు, చాలాసార్లు మారు కాయ కూడా ఇస్తాడు.

ఆకుకూరల గురించి నేను నేర్చుకున్న పాఠం ఒకటి ఉన్నది. ఆకుకూరకు ధర కిలోకు రాయము, కట్టకు రాస్తాము. ఒక వానాకాలంలో వరుసగా ముసురు పట్టి మళ్లలో నీళ్లు నిలిచి ఆకు కుళ్లుతున్నప్పుడు, కొనేవారికి భారం కాకూడదని నేను తోటకూర ధర పెంచడానికి ఒప్పుకోలేదు. నాలుగు రోజులు గడిచేసరికి కట్టలు సన్నబడ్డాయని కొనేవారు ఫిర్యాదు చేశారు. నేను గట్టిగా అడిగితే ఒక రైతు ఇల్లాలు ఒక కట్ట తెచ్చి నా బల్ల మీద విప్పి పరిచింది. గుప్పెడు మొక్కలు, సగానికి ఆకులు చిల్లులు, వేళ్లకు ఇంకా బురద. ‘దర మీరు కట్టినారు బాబూ, కట్ట నేను కట్టినాను’ అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ధరను పట్టి ఉంచితే కట్ట తగ్గుతుంది, రెండింటినీ పట్టి ఉంచితే ఆకుకూర బజారుకే రాదు. ఆనాటి నుంచి ముసురు రోజుల్లో ఆకుకూరల ధరను వానను చూసుకునే రాశాను. మీరు కొనేటప్పుడు కూడా కట్టకు ఎంత అన్నదానితో పాటు కట్ట చేతిలో ఎంత బరువున్నదో చూడండి. వేళ్లతో ఉన్న కట్ట ఇంటికి తెచ్చాక కూడా నిలుస్తుంది. నీళ్లు కారుతున్న కట్టను మాత్రం విప్పి లోపల చూసి తీసుకోండి, పైన చల్లిన నీళ్లకు లోపలి ఆకు మురిగిపోయి ఉంటుంది.

పురుగుమందుల గురించి మీరు అడగలేదు కానీ ఇంట్లో చిన్న బిడ్డ ఉన్నాడు కనుక చెబుతున్నాను. ఆకుకు చిల్లు ఉంటే మందు కొట్టలేదని, చిల్లు లేకపోతే కొట్టారని అనుకోవడం సరికాదు. పురుగు పట్టిన తరువాత కొట్టి ఉండవచ్చు. మీకు తెలిసిన రైతు అయితే ‘ఆఖరున ఎప్పుడు కొట్టారు?’ అని నేరుగా అడగవచ్చు. మందు కొట్టిన తరువాత కోతకు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీదే రాసి ఉంటుంది, బాధ్యత గల రైతు దాన్ని పాటిస్తాడు, అడిగితే దాచడు. కుళాయి కింద పారే నీళ్లలో చేత్తో రుద్ది కడగడం అన్నింటికంటె తేలికైన జాగ్రత్త. వేసవిలో మామిడిపళ్లు కొనేటప్పుడు పండు పసుపుగా నిగనిగలాడుతూ తొడిమ దగ్గర వాసన లేకపోతే, లోపల పుల్లగా, గట్టిగా ఉంటే కార్బైడుతో మగ్గించినదేమోనని అనుమానించాలి. అలా మగ్గించిన పళ్ల అమ్మకాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి.

కాలాన్ని బట్టి కొనడం మీకు ఇక్కడ సులభంగా అలవాటవుతుంది. వానలు పడగానే బెండ, బీర, కాకర, పొట్ల వస్తాయి. మన్యం నుంచి ఆగాకరకాయలు, అనాసపళ్లు దిగుతాయి. ఆగాకర ధర చూసి వెనుకాడతారు, కానీ అది ఆ కొద్ది వారాలే దొరుకుతుంది, ఒక్కసారైనా వేపుడు చేసుకోండి. అక్టోబరులో సీతాఫలాలు, కార్తీకంలో ఉసిరికాయలు, ఆ వెంటనే చింతకాయలు, చిక్కుళ్లు, కంద, పెండలం, తేగలు. తేగలను బెంగళూరులో చూసి ఉండరు. తాటిటెంకలను పాతిపెడితే వచ్చే మొలకలవి, కాల్చినవీ ఉడకబెట్టినవీ కట్టలుగా అమ్ముతారు. ఎండలు ముదిరేసరికి చింతచిగురు, ఆపైన ఆవకాయ కాయలు. ఏప్రిల్, మే నెలల్లో బజారు గేటు దగ్గర మామిడికాయలు కొట్టేవారు పెద్ద కత్తిపీటలతో కూర్చుంటారు. టెంకతో సహా ఒక్క దెబ్బకు చీల్చి, ముక్క చెదరకుండా కొట్టే నైపుణ్యం వారిది. కాయ గట్టిగా, పుల్లగా ఉండి టెంక ముదిరి ఉండాలి. ఇంటి దగ్గర నుంచి నీళ్ల సీసా, ఆరిన పాతగుడ్డ పట్టుకువెళ్లి, కాయలు అక్కడే కడిగి తడి లేకుండా తుడిచి ఆ తరువాతనే కొట్టించండి, కొట్టిన ముక్కకు నీళ్లు తగిలితే ఆవకాయ బూజు పడుతుంది.

తూకం సంగతి క్లుప్తంగా. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, పళ్లెం పెట్టిన తరువాత, కాయలు వేయకముందు తెర మీద సున్నా చూపించాలి. అనుమానం ఉంటే కార్యాలయం దగ్గర సరిచూసుకునే కాటా మీద ఒకసారి పెట్టి చూడండి. తేడా వచ్చినా, బోర్డు కంటె ఎక్కువ అడిగినా, అక్కడే గొడవ పడకుండా ఎస్టేట్ అధికారికి స్టాలు నంబరు చెప్పండి. నోటిమాట ఫిర్యాదుకు కూడా మేము స్టాలు దగ్గరకు వెళ్లి చూసేవాళ్లం, ఇప్పటివారూ చూస్తారు. చిల్లర నోట్లు, రెండు గుడ్డ సంచులు దగ్గర ఉంచుకోండి. ఫోనుతో చెల్లింపు చాలామంది తీసుకుంటున్నా, గంప రైతులు కొందరికి రోజు చివర బస్సు ఛార్జీకి చేతిలో డబ్బు కావాలి.

బాబును తప్పకుండా తీసుకువెళ్లండి, ఆదివారం కాకుండా సెలవు వచ్చిన మరే రోజైనా, ఏడు గంటల ప్రాంతంలో. వాడికి ఒక చిన్న సంచి, ఇరవై రూపాయలు విడిగా ఇచ్చి, ఒక్క వస్తువు వాడే ఎంచి, వాడే ధర అడిగి, వాడే చిల్లర లెక్కపెట్టుకుని తెచ్చేలా చూడండి. అమ్మేవారిని పెద్దమ్మా, బాబాయ్ అని పిలవడం ముందే నేర్పండి. ఆ పిలుపుతో అడిగిన పిల్లవాడికి ఏ గంప దగ్గరైనా ముందు జవాబు దొరుకుతుంది. మా మనుమడు మొదటిసారి వచ్చినప్పుడు ఆనందపురం పెద్దావిడ వాడి చేతిలో ఒక లేత బెండకాయ పెట్టి పచ్చిదే తినమన్నది. వాడు కూరలో ఏనాడూ ముట్టని బెండకాయను అక్కడ నిలబడి పూర్తిగా తిన్నాడు, ఇంకొకటి అడిగాడు. సంక్రాంతి సెలవుల్లో అయితే రేగుపళ్లు కూడా ఉంటాయి, మీ బాబుకు ఇచ్చిన ఇరవై రూపాయలకు అవి సరిపోతాయి.